1947: ఒసాకాలో ఎర్ర పుస్తకం, మద్రాసులో చందమామ

పరిచయం

కళింగపట్నం ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. వంశధార సముద్రంలో కలిసే చోట 19వ శతాబ్దంలో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ ఆ సంగతి గుర్తు చేస్తుంది. బ్రిటిష్ పాలనలో ఏ రేవులో ఏ సరకు ఎక్కింది, ఏది దిగింది, దాని విలువెంత అని ఏటా లెక్కలు అచ్చువేసేవారు. అందుచేత ఈ తీరం వర్తకం గురించి రాయదలచిన విద్యార్థికి ఆధారాలు దొరుకుతాయి. మద్రాసు-హౌరా రైలుమార్గం పడ్డాక సరకు రైలెక్కింది, రేవు క్రమంగా బోసిపోయింది.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. అదే రైల్లో నెలనెలా మద్రాసు నుంచి వచ్చి ఈ తీరపు ఊళ్ళ పిల్లల చేతుల్లో పడిన బొమ్మల కథల పత్రికకు లెక్క ఎవరు రాశారు? బస్తాల లెక్క ఉంది. కథల లెక్క? ఈ ప్రశ్న మీకు పిల్లల ఆటలా తోచవచ్చు. కానీ ఒక ప్రచురణ పరిశ్రమ బతకడానికీ, మరొకటి మూతబడడానికీ మధ్య ఉన్న తేడాలో ఈ లెక్కకు పెద్ద పాత్రే ఉంది.

ఈ పాఠంలో 1947 అనే ఒక్క సంవత్సరాన్ని రెండు నగరాల నుంచి చూద్దాం. ఒకటి జపాన్‌లోని ఒసాకా, రెండోది మద్రాసు. ఆ ఏడాది జనవరిలో ఒసాకాలో అచ్చయిన ఒక పుస్తకం 'మంగా' ప్రచురణను మలుపు తిప్పింది. జూలైలో మద్రాసులో 'చందమామ' మొదలయింది. మంగా అంటే గళ్ళు గళ్ళుగా గీసిన బొమ్మలతో, మాటల బుడగలతో నడిచే కథ. చందమామ అలాంటిది కాదు. అందులో కథను మాటలే నడుపుతాయి, బొమ్మ పక్కన నిలబడుతుంది. అయినా రెండింటినీ పోల్చవచ్చు. రెండూ యుద్ధం ముగిసిన వెంటనే, కాగితం కొరత తీరని రోజుల్లో, పిల్లల కోసం, బొమ్మను నమ్ముకుని పుట్టాయి. వీటి దారులు ఎక్కడ విడిపోయాయన్నదే మన ప్రశ్న.

ముందుగా ఒక మాట. ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళలో చాలామందికి జపాన్ అనగానే గుర్తొచ్చేది బాంబులే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 3 ఏళ్ళు తిరగకుండానే అంతకు ఎన్నో రెట్ల బాంబులు ఒసాకా మీద పడ్డాయి. 1947 నాటి ఒసాకా కాలి కూలిన నగరం. మన కథ అక్కడ మొదలవుతుంది.

ఒసాకా, జనవరి

యుద్ధానంతర జపాన్‌లో మంచి కాగితం రేషన్ మీద దొరికేది. టోక్యోలోని పెద్ద ప్రచురణ సంస్థలు ఆ రేషన్ కోసం ఎదురు చూస్తుంటే, ఒసాకాలోని చిన్న చిన్న ప్రచురణకర్తలు రేషన్ పరిధిలోకి రాని ముతక కాగితం మీద పిల్లల పుస్తకాలు అచ్చువేశారు. అట్టమీద ఎర్ర రంగు ఎక్కువగా వాడేవారు కాబట్టి వాటికి 'అకహోన్', అంటే ఎర్ర పుస్తకాలు, అని పేరు వచ్చింది. ఇవి పుస్తకాల షాపుల్లో కంటే మిఠాయి కొట్లలో, బొమ్మల దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి. మన తిరునాళ్ళలో బూరలు, బత్తాసుల పక్కన పెట్టి అమ్మే పాటల పుస్తకాలను గుర్తు తెచ్చుకోండి. వాటి గౌరవం దాదాపు అంతే.

అలాంటి ఒక ఎర్ర పుస్తకం 'షిన్ తకరాజిమా', అంటే 'కొత్త నిధుల దీవి'. 1947 జనవరి చివర్లో వెలువడింది. కథను రూపొందించినది షిచిమా సకాయ్, బొమ్మలు గీసినది ఒసాము తెజుకా. తెజుకా అప్పటికి 18 ఏళ్ళవాడు, ఒసాకాలో వైద్యం చదువుతున్న విద్యార్థి. పుస్తకం మొదట్లోనే ఒక కుర్రవాడు కారు తోలుకుంటూ రేవుకు పరుగెత్తుతాడు. చెప్పాలంటే అంతే. కానీ ఆ పరుగును తెజుకా గడి తరవాత గడిగా, సినిమా కెమెరా దగ్గరకు వచ్చి దూరం జరిగినట్టు, గీసుకుంటూ పోయాడు. పెద్దయ్యాక మంగా చిత్రకారులైన అనేకులు చిన్నప్పుడు ఆ పేజీలు చూసి నివ్వెరపోయామని చెప్పారు.

ఈ పుస్తకం 4 లక్షల ప్రతులు అమ్ముడయిందని తరచు రాస్తారు. ఈ అంకె దగ్గర మీరు ఒక్క క్షణం ఆగాలి. మిఠాయి కొట్లలో అమ్మిన సరకుకు ఖాతా పుస్తకాలు ఎవరు దాచారు? 4 లక్షలు అన్నది తనిఖీ అయిన లెక్క కాదు, నోటి మాటగా నిలిచిన లెక్క. అది అబద్ధమని దీని అర్థం కాదు. పుస్తకం సంచలనం అయిందనడానికి వేరే సాక్ష్యాలు చాలినన్ని ఉన్నాయి. అయితే అంకె ఎంత గుండ్రంగా ఉంటే అంత జాగ్రత్తగా చూడడం చరిత్ర విద్యార్థి అలవాటు చేసుకోవాలి.

ఇంకో సంగతి. ఎర్ర పుస్తకాల ప్రచురణకర్తలు బొమ్మలను ఏకమొత్తంగా కొనేసేవారు. ప్రతి ఎంత అమ్ముడయినా గీసినవాడికి మళ్ళీ పైకం రాదు. అంటే 1947లో ఒసాకా చిత్రకారుడి స్థితి మద్రాసు చిత్రకారుడి స్థితి కంటే మెరుగ్గా ఏమీ లేదు. దీన్ని గుర్తుంచుకోండి. జపాన్ వారిది వేరే సంస్కృతి కాబట్టి అక్కడ చిత్రకారుడికి మొదటి నుంచీ విలువ ఉందని కొందరు సులభంగా తేల్చేస్తారు. ఆధారాలు ఆ మాటను ఒప్పుకోవు.

మద్రాసు, జూలై

తెలుగులో పిల్లల పత్రికకు చందమామే మొదలు కాదు. 1945లోనే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుంచి 'బాల' తెచ్చారు. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ రాఘవరావు మనకు పొరుగువాడే, బరంపురంలో పుట్టినవాడు. కానీ వ్యాపారంగా నిలదొక్కుకున్నది చందమామ. కడప ప్రాంతం నుంచి వచ్చిన బి. నాగిరెడ్డికి మద్రాసులో సొంత అచ్చుయంత్రాలున్నాయి. తెనాలి ప్రాంతపు చక్రపాణికి బెంగాలీ నుంచి శరత్ నవలలను తెలుగు చేసిన అనుభవం, పాఠకుడికి ఏది పడుతుందో పసిగట్టే నేర్పు ఉన్నాయి. ఈ ఇద్దరే తరవాత విజయా సంస్థ పేరున 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. పత్రికా సినిమా ఒకే చేతుల్లో ఉండడం ఇక్కడ గమనించవలసిన విషయం.

1947లో కళింగపట్నం ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. మద్రాసులో అచ్చయిన పత్రిక ఈ ఊరు చేరాలంటే వాల్తేరు దాకా ఒక రైల్వే కంపెనీ మార్గం, అక్కడి నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆమదాలవలసలో, అప్పటి చికాకోల్ రోడ్ స్టేషన్లో, కట్ట దిగాలి. అక్కడి నుంచి శ్రీకాకుళం, ఆపైన సింగుపురం మీదుగా తీరానికి రోడ్డు. ఇంత దూరం వచ్చిన ఒక ప్రతిని ఎంతమంది చదివేవారు? 1951 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. అంటే ఇంట్లో చదువు వచ్చిన ఒకరు పైకి చదువుతుంటే మిగతావారు బొమ్మ చూస్తూ వినేవారు. అమ్ముడయిన ప్రతుల సంఖ్యకు, కథ అందిన మనుషుల సంఖ్యకు పొంతన ఉండదు.

జపాన్ పరిస్థితి దీనికి భిన్నం. 1947 జనాభా లెక్కల్లో ఆ దేశ జనం సుమారు 7.8 కోట్లు. దాదాపు అందరికీ ఒకటే భాష, దాదాపు అందరికీ చదువు. పైగా అదే సంవత్సరం 9 ఏళ్ళ నిర్బంధ విద్య అమలులోకి వచ్చింది. పత్రిక పెట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

చందమామ వారికి అంత పెద్ద ఏకభాషా విపణి లేదు. దానికి వారు కనిపెట్టిన ఉపాయం మాత్రం చాలా తెలివైనది. అదే సంవత్సరం తమిళంలో 'అంబులిమామా' పేరుతో, 1949లో కన్నడం, హిందీ భాషల్లో, 1952లో మరాఠీ, మలయాళ భాషల్లో, 1955లో ఇంగ్లీషులో ఇదే పత్రిక వచ్చింది. ఇంకా ఇతర భాషలూ చేరాయి. పేజీలో బొమ్మ ఉన్నచోటే ఉంటుంది, చుట్టూ భాష మారుతుంది. బొమ్మ గీయించి బ్లాకు చేయించిన ఖర్చు అన్ని భాషల మీదా పంచుకుపోతుంది. జపాన్‌లో ఒకే భాష ఇచ్చిన సౌలభ్యాన్ని ఇక్కడ బొమ్మ ఇచ్చింది.

ఈ ఉపాయానికే ఒక పరిమితి కూడా ఉందని నా అభిప్రాయం. మంగాలో మాట బొమ్మ లోపలే, బుడగలో ఉంటుంది. 6 భాషల్లో 6 రకాల పొడవుండే మాటలను ఒకే బుడగలో ఇరికించడం ఎంత కష్టమో ఊహించండి. మాటను ఒక పక్క, బొమ్మను ఒక పక్క ఉంచితేనే ఈ బహుభాషా పద్ధతి హాయిగా నడుస్తుంది. తెలుగులో బుజ్జాయి వంటివారు 'డుంబు' లాంటి గళ్ళ కథలు గీశారు, బాపు కుంచె ఉండనే ఉంది. ప్రతిభకు లోటు లేదు. కానీ ఎక్కువ ఇళ్ళకు చేరిన పత్రిక నిర్మాణమే గళ్ళ కథకు అనుకూలంగా లేదు.

పేరు అచ్చయినవారు, కానివారు

చందమామ ఇప్పటికీ గుర్తుండడానికి కారణమైనవారిలో కొడవటిగంటి కుటుంబరావు ముఖ్యుడు. 1952 నుంచి 1980లో మరణించేదాకా పత్రిక భాషను, కథ నడకను తీర్చిదిద్దినది ఆయనే. కఠిన పదాలు లేని, అలాగని చవకబారు కాని ఆ తెలుగు ఆయన చలవ. అయినా సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణిది. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం' వంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ ధారావాహికల మీద ఉండేది కాదు. నెల నెలా తరవాతి భాగం కోసం కాచుకున్న పిల్లలకు రాసినదెవరో తెలియదు.

చిత్రకారుల విషయం కొంత వేరు. ఆ ధారావాహికలకు బొమ్మలు వేసిన 'చిత్రా' అసలు పేరు టి.వి. రాఘవన్. బేతాళుణ్ణి భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మతో తరాలకు గుర్తుండిపోయిన 'శంకర్' అసలు పేరు కె.సి. శివశంకరన్. వీళ్ళు పొట్టి పేర్లతో బొమ్మ మూలన సంతకం పెట్టారు.

ఇక ముఖచిత్రాల దగ్గరికి వస్తే మన జిల్లా మనిషి కనిపిస్తాడు. వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. అనకాపల్లి దగ్గర కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాడు. మద్రాసుకు కాపురం మార్చకుండానే ఆ పల్లె పట్టు నుంచి 'యువ'కూ 'చందమామ'కూ ఏళ్ళ తరబడి వర్ణచిత్రాలు వేశాడు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే ఆయన పురాణ పాత్రల కింద 'వ.పా.' అన్న రెండక్షరాలు ఉంటాయి. శ్రీకాకుళం వైపు పుట్టిన రంగులు మద్రాసు వెళ్ళి అచ్చయి, ఇన్ని భాషల అట్టల మీద తిరిగి, మళ్ళీ రైల్లో ఆమదాలవలస స్టేషన్లో దిగేవి. 1992 డిసెంబరులో పాపయ్య మరణించాడు.

సంతకం ఉంది. మరి హక్కు? ఇక్కడ చట్టం ఏం చెబుతుందో చూస్తే మీకు కొంత ఆశ్చర్యం కలుగుతుంది. ఆ రోజుల్లో అమలులో ఉన్న 1867 నాటి ప్రెస్, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం పత్రికమీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, సంపాదకుడి పేరు ఉండవలసి ఉండేది. 1857 తిరుగుబాటు తరవాత పదేళ్ళకు వచ్చిన చట్టం అది. ప్రభుత్వానికి కావలసింది అచ్చులో నేరం ఉంటే ఎవరిని పట్టుకోవాలన్న వివరం. బొమ్మ ఎవరు గీశారన్నది దానికి అక్కరలేదు.

1957 కాపీరైట్ చట్టం మాత్రం వేరుగా ఆలోచించింది. పత్రికలో ఉద్యోగిగా రాసిన రచనకు, గీసిన బొమ్మకు, దాన్ని పత్రికలో ప్రచురించే వరకే యజమాని మొదటి హక్కుదారు. వేరే ఒప్పందం లేకపోతే మిగతా అన్ని రకాల వినియోగాల్లో హక్కు రాసినవాడిదే, గీసినవాడిదే. చట్టం 17వ సెక్షన్‌లోని ఏర్పాటు ఇది. అంటే ధారావాహిక పుస్తకంగా వస్తే ఆ పుస్తకం మీద హక్కు అడిగే దారి చట్టంలో ఉంది. కానీ పుస్తకమే రాకపోతే హక్కు దేనిమీద అడగాలి? చందమామ ధారావాహికలు వచ్చిన దశాబ్దాల్లో వాటిని సంపుటాలుగా అమ్మే వ్యాపారం పెరగలేదు. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో మరణించాకే ఆయన కథలు ఆయన పేరుతో పుస్తకాలుగా పాఠకులకు చేరసాగాయి.

పారేసే పత్రిక, దాచుకునే పుస్తకం

జపాన్‌లో ఇది ఎలా మారిందో ఇప్పుడు చూద్దాం. 1959 మార్చిలో కోదన్షా సంస్థ 'షోనెన్ మ్యాగజీన్', షోగకుకన్ సంస్థ 'షోనెన్ సండే' అనే పిల్లల వారపత్రికలను ప్రారంభించాయి. 1968లో షుయేషా సంస్థ 'షోనెన్ జంప్' తెచ్చింది. ఇవి చవక కాగితం మీద వందల పేజీలతో వచ్చే లావుపాటి పత్రికలు. రైల్లో చదివి రైల్లోనే వదిలేసేవారు ఎందరో. జంప్ పత్రికలో ఒక పోస్టుకార్డు ఉండేది. ఏ కథ నచ్చిందో పాఠకుడు రాసి పంపాలి. ఆ ఓట్లలో వెనకబడిన ధారావాహికను నిర్దాక్షిణ్యంగా ఆపేసేవారు. పత్రిక తన పాఠకుణ్ణి వారం వారం లెక్కపెట్టిందన్నమాట.

1960ల రెండో సగం నుంచి ఈ పత్రికల్లో వచ్చిన కథలను చిన్న సైజు సంపుటాలుగా వేయడం స్థిరపడింది. వీటిని 'తంకోబోన్' అంటారు. అట్టమీద చిత్రకారుడి పేరు, వీపుమీద సంపుటి సంఖ్య. రచనాహక్కు సాధారణంగా చిత్రకారుడిదే. సంపుటి వెలలో పదో వంతు దాకా అతనికి రాయల్టీగా వస్తుంది. ఏకమొత్తం పుచ్చుకుని ఊరుకున్న ఎర్ర పుస్తకాల రోజులు అలా పోయాయి. తెజుకా విషయమే చూడండి. 1977 నుంచి కోదన్షా ఆయన సమగ్ర రచనలను వందల సంపుటాలుగా వేసింది. అందులో చేర్చడానికి 'షిన్ తకరాజిమా'ను ఆయన 1984లో కొత్తగా మళ్ళీ గీశాడు. సకాయ్ చేసిన మార్పులతో వచ్చిన పాత రూపం ఆయనకు ఎన్నడూ నచ్చలేదు. 1947 నాటి అసలు రూపాన్ని తిరిగి యథాతథంగా వేసింది 2009లో, ఆయన చనిపోయిన 20 ఏళ్ళకు. తన పనిని నచ్చినట్టు దిద్దుకునే అధికారం, నచ్చనిదాన్ని బయటికి రానివ్వకుండా ఆపే అధికారం అతనికి దక్కాయి. దాసరి సుబ్రహ్మణ్యంతో పోల్చి చూడండి.

మరి మన ఇళ్ళలో? ఇక్కడే నాకు ఈ విషయమంతటిలో ఎక్కువ ఇష్టమైన సంగతి ఉంది. పత్రికాలయం చేయని పనిని మన పాఠకులు చేశారు. నెల నెలా చందమామలోంచి ధారావాహిక పేజీలు జాగ్రత్తగా విడదీసి, కథ అయ్యాక వరసగా పేర్చి, బైండు చేయించుకున్నారు. కొందరు ఏడాది సంచికలన్నీ కలిపి కుట్టించారు. అట్టమీద సిరాతో కథ పేరు. వేసవి సెలవులకు వచ్చిన పిల్లలకు ఆ బైండు పుస్తకాలే గ్రంథాలయం. జపాన్‌లో సంపుటిగా అమ్మి చిత్రకారుడికి రాయల్టీ తెచ్చిన వస్తువునే మనవాళ్ళు ఇంట్లో సొంతంగా తయారు చేసుకున్నారు. కోరిక ఇక్కడా ఉంది, కొనేవాళ్ళూ ఉన్నారు. ఆ కోరికను అమ్మకంగా మార్చే వస్తువు మాత్రం మార్కెట్‌లో లేదు. అందుకే ఆ బైండు పుస్తకాలు ఏ సంవత్సరపు అమ్మకాల లెక్కలోనూ కనిపించవు.

లెక్కలు రాసినవారు

1947లో భారతదేశంలో పత్రికల అమ్మకాన్ని తనిఖీ చేసే సంస్థ లేదు. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడింది 1948లో. ప్రభుత్వ పక్షాన పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం వచ్చింది 1956లో. వచ్చిన తరవాత కూడా ఇవి లెక్కించింది పత్రికలనే. ఒక ధారావాహికకు, ఒక చిత్రకారుడికి ఎంత ఆదరణ ఉందో చెప్పే లెక్క లేదు.

జపాన్‌లో ప్రచురణ శాస్త్ర పరిశోధన సంస్థ ఏటా అమ్మకాల అంచనా వేస్తుంది. షాపులకు పంపిన ప్రతుల నుంచి తిరిగి వచ్చినవి తీసేసి విలువ కట్టడం దాని పద్ధతి. మంగా పత్రికలు వేరు, సంపుటాలు వేరు. ఈ లెక్కల్లో 1995 ఒక శిఖరం. ఆ ఏడాది పత్రికలు సుమారు 33,570 కోట్ల యెన్లు, సంపుటాలు 25,070 కోట్ల యెన్లు, కలిపి 58,640 కోట్ల యెన్ల అమ్మకం జరిగింది. అదే సంవత్సరపు తొలి సంచికల్లో ఒకటి షోనెన్ జంప్‌కు 65.3 లక్షల ప్రతుల రికార్డు తెచ్చింది. ఈ రెండో అంకె అచ్చువేసిన ప్రతులది, అమ్ముడయినవాటిది కాదు. ఈ తేడాను మీ సమాధాన పత్రాల్లో కలగాపులగం చేయకండి.

శిఖరం ఎక్కాక దిగుడే. 'డ్రాగన్ బాల్' 1995లో, 'స్లామ్ డంక్' 1996లో ముగిశాయి. పత్రికల అమ్మకం ఏటికేడు పడిపోయింది. అయినా పరిశ్రమ కూలలేదు. కారణం సంపుటాలు. 2005లో మొదటిసారి సంపుటాల ఆదాయం పత్రికల ఆదాయాన్ని దాటింది. తరవాత ఫోన్లలో చదివే డిజిటల్ మంగా వచ్చింది. పాత సంపుటాలన్నీ హక్కుదారుల పేర్లతో సిద్ధంగా ఉన్నాయి కాబట్టి వాటిని కొత్త రూపంలోకి మార్చడం సులభమైంది. 2020లో అచ్చు 27,060 కోట్ల యెన్లు, డిజిటల్ 34,200 కోట్ల యెన్లు, మొత్తం 61,260 కోట్లు. 1995 రికార్డు 25 ఏళ్ళకు చెరిగిపోయింది.

కరోనా కాలంలో జనం ఇళ్ళలో ఉండిపోవడం ఒక కారణం. 'కిమెత్సు నో యైబా' అనే ఒక్క కథ మరో కారణం. మన కుర్రకారు దీన్ని డీమన్ స్లేయర్ అంటారు. 2016లో జంప్‌లో మొదలై 2020 మేలో ముగిసింది. 2019లో టీవీలో, 2020 అక్టోబరులో సినిమాగా వచ్చాక పాత సంపుటాల కోసం జనం షాపుల ముందు బారులు తీరారు. ఓరికాన్ సంస్థ లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ఈ కథ సంపుటాలు 8.2 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. దీని రచయిత కోయోహారు గోతోగే. అది కలం పేరు. ముఖం ఎవరికీ చూపించని మనిషి, కానీ ఆ పేరు ప్రతి సంపుటి అట్టమీదా ఉంది. దాసరి సుబ్రహ్మణ్యాన్ని పత్రికాలయంలో అందరూ రోజూ చూశారు. ఆయన ధారావాహిక మీద ఆయన పేరు లేదు.

పత్రిక నుంచి సినిమాకు, సినిమా నుంచి మళ్ళీ పుస్తకానికి పాఠకుణ్ణి నడిపించే ఈ పద్ధతి మద్రాసులో సాధ్యం కానిదేమీ కాదు. 1951లోనే ఒకే యజమానుల చేతిలో మాంత్రికుల కథలు వేసే పత్రికా, మాంత్రికుడి సినిమా తీసే స్టూడియో ఉన్నాయి. మధ్యలో ఉండవలసిన పుస్తకం లేదు.

చందమామ చివరి దశను ఎక్కువ వివరించనక్కరలేదు. టీవీ వచ్చింది, ఇంగ్లీషు చదువులు పెరిగాయి, 'బొమ్మరిల్లు', 'బాలమిత్ర' వంటి తోటి పత్రికలూ చిక్కిపోయాయి. 1998లో చందమామ ప్రచురణ ఆగిపోయి, 1999 చివర్లో కొత్త పెట్టుబడితో మళ్ళీ మొదలయింది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొన్నది. 2013లో పూర్తిగా ఆగిపోయింది. కంపెనీ అప్పుల్లో మునిగినప్పుడు దాని ఆస్తుల జాబితాలో చందమామ కూడా ఒక ఆస్తి. 60 ఏళ్ళకు పైగా నడిచిన పత్రిక పేరు, బొమ్మలు, కథలు అన్నీ ఒకే మూటగా ఒకే యజమాని దగ్గర ఉండడం వల్ల, ఆ యజమాని కుప్పకూలగానే అన్నీ కలిసి ఆగిపోయాయి. జపాన్‌లో ఒక పత్రిక మూతపడితే అందులోని చిత్రకారుడు తన కథను తీసుకుని వేరే ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళగలడు.

అభ్యాసం

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో, దగ్గరలోని శాఖా గ్రంథాలయంలోనో పాత చందమామ ఒకటి సంపాదించండి. బైండు చేసిన పుస్తకం దొరికితే మరీ మంచిది. ముందుగా చివరి పేజీల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు అని ఎవరి పేర్లు ఉన్నాయో రాసుకోండి. తరవాత ప్రతి బొమ్మ మూలనూ వెతకండి. చిత్రా, శంకర్, వ.పా. సంతకాల్లో ఏవి కనిపించాయి? సంతకం లేని బొమ్మలు ఎన్ని? కథల కింద రచయిత పేరు ఎన్నిచోట్ల ఉంది, ఎన్నిచోట్ల లేదు?

ఆ ప్రతిని దాచినవారు బతికి ఉంటే వారితో మాట్లాడండి. ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర కొన్నారు, చందా కట్టారా, ఎన్ని ఇళ్ళు తిరిగేది, పైకి చదివినదెవరు, బైండు ఎక్కడ చేయించారు, దానికి ఎంత పుచ్చుకున్నారు అని అడగండి. పెద్దవాళ్ళు సంవత్సరాలు చెప్పలేకపోవచ్చు. ఫలానా తుపాను ఏడాది, ఫలానా వారి పెళ్ళి ఏడాది అంటారు. ఆ మాటలను అలాగే రాసుకోండి, సంవత్సరం తరవాత సరిచూసుకోవచ్చు. రాసినదాన్ని కౌన్సెలింగ్ తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. బైండు పుస్తకాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, పేజీల ఫోటోలు చాలు.